చిన్నపుల్లయ్య పేరు మీద పోయిన మాటలు

పెంచల్ బల్ల ముందుకు వచ్చే వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, మా పెట్టె యాడికి పోయింది?"

కువైట్‌లోని అబ్బాసియాలో రెండు టైలరింగ్ షాపుల మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ కార్గో ఆఫీసు. పెంచల్ అక్కడ చేరింది పెట్టెలు మోయడానికి. తూకం వేయడం, టేపు చుట్టడం, అట్టపెట్టె మీద లావుపాటి మార్కర్‌తో పేరూ ఊరూ రాయడం అతని పని. రాత గుండ్రంగా ఉండేది. దాన్ని చూసి యజమాని చినబాబు అతన్ని తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. చినబాబుది కోనసీమ, పెంచల్‌ది రైల్వే కోడూరు పక్క పల్లె. ఒకరి యాస ఒకరికి మొదట్లో నవ్వులాటగా ఉండేది గానీ, తర్వాత అలవాటైపోయింది.

కంబళ్ళు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, బాదంపప్పు, పిల్లల బూట్లు అన్నీ కుక్కిన పెట్టె ఇక్కడ ఓడెక్కి ముంబైలో దిగుతుంది. అక్కడి నుంచి లారీలో రాజంపేటకో, రాయచోటికో పోతుంది. మధ్యలో అది ఎక్కడుందో చెప్పగలిగినవాడు ముంబై ఏజెంటు ఒక్కడే. అతనికి మనసైతే ఫోన్ ఎత్తుతాడు. ఈలోపు పంపినవాడూ, అందుకోవలసిన ఇల్లాలూ, ఆమె తమ్ముడూ, పక్కింటివాళ్ళూ అందరూ అబ్బాసియాకే ఫోన్ చేస్తారు. చినబాబు తల పట్టుకునేవాడు.

దీనికి మందు పెంచలే కనిపెట్టాడు. ఒక శుక్రవారం ఒక ఇంటి డ్రైవరు పెట్టె కట్టించుకుని, పోతూ పోతూ వెనక్కి వచ్చాడు. "అన్నా, మా ఇంటిదానికి వాట్సాప్‌లో ఒక మాట రాయి. నాకు రాసేది రాదు. పెట్టె పంపినా అని, అట్లనే ఏందైనా మంచిమాట" అన్నాడు. పెంచల్ ఆఫీసు ఫోన్ నుంచి ఆ డ్రైవరు పేరుతోనే రాసి పంపాడు. "పెట్టె పంపినా. నువ్వు ఆరోగ్యం చూసుకో. నా గురించి దిగులు పడొద్దు." వారం తిరక్కుండానే ఆ డ్రైవరు మళ్ళీ వచ్చాడు.

"ఏం రాసినావన్నా నువ్వు? మా ఇంటిది ఫోన్ చేసి ఒకటే ఏడుపు. పెండ్లయినప్పటి నుంచి నేను ఇట్ల మాట్లాడిందే లేదంట."

"తిట్టిందా?"

"తిట్టలే. అదే భయం. ఇంగ ప్రతిసారీ రాయాల నువ్వు."

అతనితో పాటు మరో ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత ఎంతమంది వచ్చారో పెంచల్ లెక్క పెట్టుకోలేదు.

రోజూ కూర్చుని అందరికీ రాయడం అయ్యే పని కాదు. ఫోన్‌లో హిందీ వీడియోలు చూసి పెంచల్ ఒక స్క్రిప్టు తయారు చేసుకున్నాడు. స్క్రిప్టు అంటే, ఫలానా పని అయ్యాక ఫలానా పని చెయ్యమని కంప్యూటర్‌కి వరసగా రాసిపెట్టే ఆజ్ఞలు. పెట్టె కట్టిన తేదీని బట్టి అదే లెక్క వేసుకుని, ఇంటికి ఒక్కో మాట పంపేది. పెట్టె ఓడెక్కింది. పెట్టె ముంబైలో దిగింది. పెట్టె లారీలో ఉంది. ప్రతిదానికీ పెంచల్ ముందే రాసిపెట్టిన మంచిమాట ఒకటి తోడు, చివర పంపినవాడి పేరు. పెట్టె నిజంగా ఎక్కడుందో దానికి తెలియదు. మామూలుగా పట్టే రోజుల్ని బట్టి ఊహించి చెప్పేది. చాలాసార్లు ఊహ సరిపోయేది. సరిపోనప్పుడు ఓడ ఆలస్యమైందనో, పోర్టులో రద్దీగా ఉందనో సర్దుకునేవాళ్ళు.

మొదట్లో ఆ స్క్రిప్టు తెర మీద ఒక నల్లటి కిటికీలో నడిచేది. ఒకరోజు మాటలు పోవడం ఆగిపోయింది. ఆరా తీస్తే చినబాబు చేసిన పని.

"నల్లగా ఏదో తెరుచుకుని ఉందయ్యా. వైరస్సేమో అనుకుని మూసేశాను" అన్నాడు చినబాబు.

"అది మన మెసేజులు పంపేది సార్."

"మరి దాన్ని అలా నడివీధిలో కూర్చోబెడతారేంటి? ఎవరికీ కనపడకుండా లోపలెక్కడైనా పెట్టు."

పెంచల్ అలాగే చేశాడు. ఆ స్క్రిప్టును విండోస్‌లో సర్వీసుగా పెట్టాడు. సర్వీసుకు కిటికీ ఉండదు, గుర్తు ఉండదు. కంప్యూటర్ వేయగానే, ఎవరూ పాస్‌వర్డ్ కొట్టక ముందే, తెర వెనక దాని పని అది మొదలుపెట్టుకుంటుంది. ఒకవేళ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్పి పెట్టవచ్చు. మళ్ళీ మొదలు పెట్టమని పెంచల్ చెప్పి పెట్టాడు. మొదటిసారి ఆగినా అదే, రెండోసారి ఆగినా అదే, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆగినా అదే. చినబాబు మూసినా, కరెంటు పోయినా ఇక భయం లేదు.

ఆ పని చేసిన రోజు అతనికి ఛాతీ రెండు అంగుళాలు పెరిగినట్టయింది. కూలీలుండే క్యాంపుల్లో పేరు వచ్చింది. అన్నమయ్య జిల్లా పల్లెల్లో ఆడవాళ్ళు ఆ మాటల్ని ఫోన్లలో దాచుకుంటున్నారని విన్నాడు. అవి తమవి కావని ఇక్కడి మగవాళ్ళెవరూ ఇంటి దగ్గర చెప్పలేదు. పెంచల్‌నూ ఎవరూ చెప్పమనలేదు.

హుస్సేన్ పీరా పెట్టె తెచ్చింది ఎండలు ముదిరిన రోజుల్లో. మంగఫ్‌లో కంపెనీ క్యాంపులో ఉంటాడు, రాయచోటి మనిషి. టాక్సీలోంచి పెట్టెను ఇద్దరు పట్టి దించారు.

"చిన్నపుల్లయ్య సామాను అన్నా" అన్నాడు. "మా రూములో ఉన్న్యాడు గదా, ఓబులవారిపల్లె పక్కాయన. నిద్రలోనే పాయ. గుండె. మనిషిని ఫ్లైట్లో పంపించినారు. సామాను మిగిలిపోయింది."

పెంచల్‌కు ఆ మనిషి గుర్తొచ్చాడు. రెండుసార్లు పెట్టెలు పంపాడు. పొడుగ్గా, ఎముకలు తేలి, అడిగినదానికి తల ఊపడమే తప్ప నోరు విప్పని మనిషి. "అయ్యో" అన్నాడు పెంచల్.

పెట్టెలో చిన్నపుల్లయ్య లుంగీలు, చొక్కాలు, భార్య కుట్టుమిషనుకని కొని ఉంచిన మోటారు ఉన్నాయి. మిగిలిన చోటంతా రూములోవాళ్ళు నింపారు. ఒకరు పాలపొడి డబ్బా పెట్టారు, ఒకరు కంబళి, ఒకరు తలనొప్పి నూనె సీసా. మనిషి పోతే అతని ఆఖరి పెట్టెలో రూములో ప్రతివాడూ ఏదో ఒకటి వేస్తాడు. ఖాళీగా పంపకూడదంటారు.

"పంపేవాళ్ళ పేరు నీదే రాయనా భాయ్?" అని పెంచల్ అడిగాడు.

"నాదెందుకు? ఆయన సామాను ఆయన పేరు మీదనే పోవాల" అన్నాడు హుస్సేన్ పీరా. పక్కనున్నవాడు కూడా అదే న్యాయమన్నాడు.

పెంచల్ పంపేవారి గడిలో చిన్నపుల్లయ్య అని కొట్టాడు. అందుకునేవారి గడిలో కళావతి అని కొట్టాడు. వెనక ఇంకో ఇద్దరు పెట్టెలతో నిలబడి ఉన్నారు. అంతకు మించి అతను ఆలోచించలేదు.

తర్వాత కొన్నాళ్ళకు హుస్సేన్ పీరా మధ్యాహ్నం పూట ఒంటరిగా వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"చదువు."

కళావతి నుంచి వచ్చిన మెసేజ్ అది. తనకు వచ్చినదాన్ని అతనికి పంపి, కింద ఒక్క మాట కూడా రాయలేదు. "పెట్టె ముంబైలో దిగింది. నేను బాగుండాను. నా గురించి దిగులు పడొద్దు. ఇట్లు, చిన్నపుల్లయ్య."

 పెంచల్‌కు తన గుండ్రటి మాటలు తనకే పరాయిగా కనిపించాయి.

"బాగుండాడంట" అన్నాడు హుస్సేన్ పీరా. "మట్టి జేసి నెలన్నా కాలే. యాడుండి బాగుండాడన్నా? నువ్వు పోయి చూసొచ్చినావా?"

"భాయ్, అది నేను పంపింది కాదు. మిషను..."

"మిషనుకు మాటలు నేర్పించింది ఎవురు? నేనా?"

పెంచల్ తల వంచుకున్నాడు. "పొరపాటయిపాయ. ఇప్పుడే ఆపేస్తా. నీ ఎదురుగానే."

కళావతి పేరు ఒక్కటి తీసేస్తే సరిపోయేది. కానీ మెసేజులు పోయేది చినబాబు బిల్లుల లెక్కలోంచి. ఆ పేరు తీస్తే పెట్టె బిల్లు కూడా పోతుంది, ఎందుకు తీశావని చినబాబు అడుగుతాడు. చచ్చిపోయినవాడి పేరుతో పెళ్ళానికి బాగున్నానని పంపానని అతనికి చెప్పాలి. అది చెప్పలేకనే పెంచల్ మొత్తం స్క్రిప్టునే చంపేద్దామనుకున్నాడు. పెట్టె చేరాక చడీచప్పుడు లేకుండా మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. చినబాబు బయటికి పోయి ఉన్నాడు. టాస్క్ మేనేజర్ తెరిచి, నడుస్తున్న పనుల్లో దాని పేరు వెతికి, నొక్కాడు. పేరు మాయమైంది.

"ఖలాస్" అన్నాడు. "ఇంగ ఒక్క మాట పోదు."

హుస్సేన్ పీరా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఆమెకు ఏం చెప్పాల్నో నాకు తెలీలేదు. ఆపినారని చెప్తా" అని వెళ్ళిపోయాడు.

తలుపు పూర్తిగా మూసుకోక ముందే, పెంచల్ ఎప్పుడో ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం, ఆగిపోయిన పని తెర వెనక మళ్ళీ మొదలైంది. కిటికీ లేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. అతను మళ్ళీ చూడలేదు. ఆ లెక్క తెరిస్తే చిన్నపుల్లయ్య పేరు కళ్ళబడుతుందని.

వరసలో ఆఖరి మాట ఇంకా మిగిలి ఉంది. అది పెట్టె ఇల్లు చేరి ఉంటుందనుకునే రోజున పోయేది. పెంచల్ తాను రాసినవాటన్నిట్లో దాన్నే బాగా కుదిరిందనుకునేవాడు. "పెట్టె అందింటాది. విప్పి చూసి ఫోన్ చెయ్యి. నీ గొంతు వినాలనుంది."

ఆ మాట వెళ్ళింది. కళావతి ఫోన్ చేసింది.

చిన్నపుల్లయ్య ఫోన్ మంగఫ్‌లో రూములోనే ఉంది. కంపెనీ నుంచి రావలసిన కాగితాల కోసం ఎవరైనా చేస్తారని ఛార్జింగ్‌లో ఉంచారు. అది మోగితే హుస్సేన్ పీరా ఎత్తాడు. అతను హలో అన్నాడు.  "నువ్వా భాయ్" అని ఆమె పెట్టేసింది.

ఇదంతా హుస్సేన్ పీరా ఫోన్‌లోనే చెప్పాడు, ఆఫీసుకు రాలేదు. ఈసారి ఎగతాళి కూడా చేయలేదు. "ఆపినానంటివి. నేను ఆమెకు మాటిచ్చినా, ఆపేసినారమ్మా అని. ఇప్పుడు నా మొగం యాడ పెట్టుకునేది? నెంబరు పంపిస్తా. నువ్వే మాట్లాడు. నీ నోటితో."

పెంచల్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సర్వీసుల పట్టిక తెరిచాడు. తను పెట్టిన పేరు పక్కన 'నడుస్తోంది' అని ఉంది. ఆగిపోతే ఏం చేయాలనే చోట, మూడు గడుల్లోనూ తను ఎంచుకున్న 'మళ్ళీ మొదలుపెట్టు' అలాగే ఉంది. తప్పు మిషనుది కాదు. అది చెప్పింది చేసింది.

చినబాబు లోపలికి వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏంటయ్యా, మొహం అలా ఉంది?"

దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. పెంచల్ చెప్పాడు. చెబుతున్నంతసేపూ తెరవైపే చూశాడు.

"ఓరి నాయనోయ్" అన్నాడు చినబాబు నెమ్మదిగా. "సరే. ఆ ఒక్క పేరూ తీసెయ్. మిగతావాళ్ళకి నడవనీ. జనం మన దగ్గరికి వస్తున్నదే ఆ మాటల కోసం."

"వద్దు సార్. మొత్తం తీసేస్తా."

"తీసేస్తే ఫోన్లు ఎవడెత్తుతాడు?"

"నేనెత్తుతా."

"రోజంతానా?"

"రోజంతా."

చినబాబు అతన్ని ఎగాదిగా చూశాడు. "అలాగే కానీ. నాలుగు రోజులు పోతే నువ్వే మళ్ళీ పెట్టుకుంటావులే" అని టీ తాగడానికి పోయాడు.

పెంచల్ సర్వీసును ఆపి, ఇక మొదలవకుండా చేసి, ఆనక దాన్ని పూర్తిగా తీసేశాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి చూశాడు. ఈసారి లేదు. ఆ పని అయిపోయాక చేయాల్సింది ఇంకొక్కటే మిగిలింది. దాని కంటే పెట్టెలు మోయడమే నయమనిపించి, వెనక గదిలోకి పోయి అవసరం లేకున్నా నాలుగు పెట్టెలు ఇటువి అటు పెట్టాడు. తర్వాత చెమట తుడుచుకుని కళావతికి ఫోన్ చేశాడు.

"అమ్మా, కువైట్ నుంచి. కార్గో ఆఫీసు."

"చెప్పు."

"ఆ మెసేజులు... అవి మీ ఆయన పేరుతో వచ్చినవి. మా కంప్యూటర్ దానంతటది పంపింది. ఆపినా అనుకున్యా, ఆగలే. తప్పు నాదేనమ్మా."

"తెలుసు" అంది కళావతి. గొంతు అలిసిపోయినట్టుంది గానీ, ఏడుపు లేదు. "చచ్చిపోయినోడు రాయడని తెలీదా నాయనా? నేనే బొట్టు తీసింది. రాసింది ఎవరో చూద్దామని ఫోన్ జేసినా."

 ఇంత తేలిగ్గా అయిపోతుందని పెంచల్ అనుకోలేదు. పెట్టేద్దామా అనుకుంటుండగా ఆమె మళ్ళీ మాట్లాడింది.

"ఒగటి అడగాల."

"అడగండమ్మా."

"ఆయన ఉండంగా రెండు పెట్టెలు పంపించె. అప్పుడు గూడా వచ్చినాయి మాటలు. ఆరోగ్యం చూసుకో, దిగులు పడొద్దు, నీ గొంతు వినాల అని. ఫోన్ జేస్తే ఆయన ఊఁ, ఆఁ తప్ప పలికేటోడు గాదు. నోటితో చెప్పేది రాక రాస్తాడేమో అనుకున్యా. అవి ఆయన రాసినవేనా? నువ్వు రాసినవా?"

పెంచల్ ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆయనే అని ఒక్క మాట అంటే చాలు. ఆయన చెప్పాడు, నేను కొట్టాను అన్నా చాలు. ఆమెకూ మేలు, తనకూ మేలు. పైగా అది తనకు చేతనైన పని. ఎవరికి ఏ మాట పంపితే కడుపు నిండుతుందో అతనికి బాగా తెలుసు. నోరు తెరిచాడు కూడా. కానీ ఇంకోసారి చిన్నపుల్లయ్య పేరుతో మాట్లాడటం అతని వల్ల కాలేదు.

"నేనేనమ్మా" అన్నాడు.

"అన్నీ?"

"అన్నీ. ఆయన పెట్టె కట్టించి పోయినాడు. మాటలు మావి."

"నాకొక్కదానికేనా, అందరికీనా?"

"అందరికీ అవే."

అవతల ఎక్కడో మేక అరిచింది. ఎవరో మోటార్ సైకిల్ ఆపారు. 

"పక్కింటి రమణికి గూడా అవే వచ్చేవి" అంది కళావతి. "ఆ యమ్మ నాకు చూపించింది. ఇద్దరు మొగోళ్ళూ ఒగ రూములో ఉండారు గదా, ఒగరిని చూసి ఒగరు రాస్తుండారు అనుకున్యాం. నవ్వుకున్యాం గూడా."

పెంచల్‌కు భూమి చీలి తనను మింగితే బాగుండుననిపించింది. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. ఏం క్షమిస్తుంది? తీసుకున్నది తిరిగి ఇవ్వగలిగేదైతే కదా.

"పెట్టె యాడుండాదో అదన్నా నిజం చెప్పు" అంది కళావతి. "అందింటాది అని వచ్చె. రాలే."

"తెలీదమ్మా. అది గూడా లెక్కేసి పంపిందే. కనుక్కోని చెప్తా."

ఆమె పెట్టేసింది.

ముంబై ఏజెంటు రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి హిందీలో విసుక్కున్నాడు. కువైట్ నుంచి వచ్చిన ఆ సరుకు షెడ్డులోంచి ఇంకా బయటికే రాలేదన్నాడు. ఎప్పుడు వస్తుందంటే, వచ్చినప్పుడు అన్నాడు. పెంచల్ వెంటనే కళావతికి ఫోన్ చేశాడు. ఆలస్యం చేస్తే ధైర్యం పోతుందని భయం.

"ముంబైలోనే ఉండాదమ్మా. లారీ గూడా ఎక్కలే. ఎప్పుడు ఎక్కుతాదో వాళ్ళకే తెలీదంట."

"ఇది లెక్కా, నిజమా?"

"నిజం. ఇప్పుడే అడిగినా."

"నీ పేరేంది?"

"పెంచల్."

"ఏ ఊరు?"

అంతవరకు ఉన్న సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కువైట్‌లో తప్పు చేసినవాడు కువైట్ మనిషిగానే ఉండిపోవచ్చు, ఊరు చెప్పాడంటే ఆ తప్పు బస్సెక్కి ఇంటికి పోతుంది. అమ్మ ఏ సంతలో ఎవరికి ఎదురుపడుతుందో తెలియదు. ఇంకో ఊరి పేరు నోటిదాకా వచ్చింది. పెంచల్ దాన్ని మింగి, తన ఊరి పేరే చెప్పాడు.

"ఎవురి కొడుకువి?"

అదీ చెప్పాడు.

"అచ్చమ్మ కొడుకా? గుంజన ఏటి పక్కన నిమ్మతోటలో కూలికి వచ్చేది?"

"ఆమెనే."

"మంచిది మీ యమ్మ" అంది కళావతి. అందులో తిట్టు లేదు, మెప్పూ లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. "పెట్టె కదిలితే నువ్వే ఫోన్ చెయ్యి. రాసి పంపొద్దు."

మర్నాడు షాపు తెరవగానే ఫోన్లు మొదలయ్యాయి. మెసేజ్ రాలేదేమని రాజంపేట నుంచి ఒకరు, పెట్టె ఏమైందని ఇక్కడే ఫర్వానియా నుంచి ఒకరు. చినబాబు తన కుర్చీలోంచి చూస్తూ, ఎత్తమన్నట్టు గడ్డం ఊపాడు. పెంచల్ ఒక్కొక్కటే ఎత్తాడు. తెలిసింది తెలుసనీ, తెలియంది తెలియదనీ చెప్పాడు. తెలియదంటే తిట్టినవాళ్ళే ఎక్కువ. మధ్యలో ముంబైకి చేశాడు. కళావతి పెట్టె కదల్లేదు. కదల్లేదని చెప్పడానికి ఆమెకు ఫోన్ కలిపి, ఆమె ఎత్తేదాకా నిలబడే ఉన్నాడు.